మూడు ఊళ్లు, మూడు కార్లు

వార్షిక సంచికకు ఏదైన ఒక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము ముగ్గురమును ఒకరి ముఖమొకరు చూచుకొన్నాము. మేము ఈ కళాశాల పూర్వ విద్యార్థులము. మాలో ఒకడు హిందూపురములో ఉపాధ్యాయుడు. ఒకడు పెనుకొండ సమీపమున కార్ల విడిభాగములు చేయు ఒక చిన్న కర్మాగారములో లెక్కలు చూచువాడు. మూడవవాడు ధర్మవరములో పట్టుచీరల వ్యాపారి. కవిత్వము మాకు చేతగాదు. దేశోద్ధరణను గురించి వ్రాయుటకు మాకంటె యోగ్యులు సంచికలో తప్పక ఉందురు. మా ముగ్గురికిని ఉమ్మడిగా ఉన్నది ఒక్క కార్ల పిచ్చి మాత్రమే. కాబట్టి దానిని గురించియే వ్రాయుచున్నాము. ముగ్గురము కూర్చుండి వ్రాయుచున్నందున 'మేము' అనుచున్నాము గాని గొప్పకు కాదని చదువరులు గ్రహింతురు గాక.

ఈ పిచ్చికి పునాది పడినది తరగతి గదిలో కాదు. 1990ల చివర మేము చదువుకొను దినములలో హిందూపురములో మా బసకు ఎదురుగా ఒక మెకానిక్ షెడ్డు ఉండెడిది. దానిని నడుపు పెద్దమనిషిని వీధి వీధంతయు 'ఉస్తాద్' అనియే పిలిచెడిది; ఆయన అసలు పేరుతో ఎవరికిని పని పడినట్లు మాకు జ్ఞాపకము లేదు. సాయంకాలములలో ఆ షెడ్డు ముందరి పాత టైర్లమీద కూర్చుండి, అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల ఇంజన్లు విప్పి మరల బిగించుట చూచెడివారము. ఉస్తాద్ కార్బురేటరు మరను స్క్రూడ్రైవరుతో పావు చుట్టు త్రిప్పి, తల వంచి, చెవియొగ్గి విని, "ఇప్పుడు సరిగా ఊపిరి తీస్తా ఉండాది" అనెడివాడు. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చినప్పుడు, దాని రేకు తట్టిచూచి, ఇది బొమ్మ బండి, రెండేండ్లు నిలువదు అన్నాడట. మేము ఆయనను ఎరిగినప్పటికి ఆయన షెడ్డుకు అన్నము పెట్టుచున్నది ఆ బొమ్మ బండియే. ఈ సంగతి చెప్పి ఆయనయే నవ్వెడివాడు.

అప్పట్లో పెనుకొండ అనగా మాకు కొండ, కోట, బాబయ్య దర్గా ఉరుసు, బెంగళూరు పోవు రైలు కాసేపు ఆగు స్టేషను. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన ఊరని చరిత్ర మాస్టరు చెప్పగా విని పరీక్షలో వ్రాసినాము. ఆ ఊరి పేరు కార్లమీద దేశమంతట తిరుగునని అప్పుడెవరైన చెప్పియుంటే పరిహాసమనుకొని యుందుము. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము చేసికొన్నది. ఎఱ్ఱమంచి దగ్గర వేరుసెనగ పండు మెట్టనేలలో 536 ఎకరములలో కర్మాగారము లేచినది. గొల్లపల్లి జలాశయము నుండి దానికి నీరు వచ్చినది. 2019 జనవరిలో ప్రయోగాత్మకముగా ఉత్పత్తి మొదలై, ఆగస్టులో సెల్టోస్ కారు అమ్మకమునకు వచ్చి, డిసెంబరు 5న లాంఛనముగా ప్రారంభోత్సవము జరిగినది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల శక్తి దానిది. 2025 జూలైలో ఆ సంస్థ మన దేశములో తయారుచేసిన మొదటి విద్యుత్ కారు, క్యారెన్స్ క్లావిస్, ఇక్కడినుండియే వెలువడినది. మా ముగ్గురి ఊళ్లును 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివే కాబట్టి ఇదంతయు మా ఇంటి ముందర జరిగినట్లే మేము చూచుచు వచ్చినాము.

అయితే మా మూడు కార్లలో ఏది ఏ సంస్థదో ఇచ్చట వ్రాయము. తప్పులు చెప్పవలసివచ్చినప్పుడు పేర్లు చెప్పుట మర్యాద కాదు. అదియునుగాక, మాకు తగిలిన కష్టములు ఒక సంస్థకు మాత్రమే చెందినవని మేము ప్రమాణము చేయలేము.

హిందూపురము వానిది 2015లో తయారైన పెట్రోలు కారు, రెండవ చేతిమీదుగా కొన్నది. పెనుకొండ వానిది 2023లో కొన్న టర్బో పెట్రోలు కారు. ధర్మవరము వానిది 2024లో కొన్న విద్యుత్ కారు. ప్రతి నెల మొదటి ఆదివారము ముగ్గురమును పెనుకొండ దగ్గర జాతీయ రహదారి ప్రక్కనున్న ఒక టీ బంకు ముందర, చింతచెట్టు నీడలో, మూడు కార్లు నిలిపి వాదించుకొనుట మా ఆచారము. పెనుకొండ మధ్యనున్నది గనుక అక్కడ. టీ బంకాయన మా వాదము విని విని, "మీరు కార్లు తోలేదానికంటె వాటి గురించి మాట్లాడేదే ఎక్కువప్పా" అన్నాడు. అది నిజమే.

మొదట పెట్రోలు సంగతి. హిందూపురము వాని కారు పాతదైనను నమ్మకమైనది. పదేండ్లలో దారిలో నిలిచినది ఒక్కసారి మాత్రమే, అదియు పంక్చరు. కాని 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలసిన పెట్రోలును ప్రారంభించిన తరువాత, 2025 నాటికి అదియే అంతటను మామూలు పెట్రోలైనది. లీటరుకు 17 కిలోమీటర్లు వచ్చు బండి 16కు కొంచెము తక్కువకు దిగినది. దీనిలో మాయ ఏమియు లేదు. అదే కొలత పెట్రోలులో ఉండు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే ఇథనాలులో ఉండును. అయిదవ వంతు ఇథనాలైనప్పుడు మొత్తముమీద నూటికి ఆరేడు పాళ్లు శక్తి తగ్గవలసినదే. ఇథనాలు చెరకునుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి వచ్చును. బెల్లపు మండీకి పేరుగన్న ఊరివాడవు, చెరకు రసము నీ కారు త్రాగితే నీకేమి బాధ అని మేమిద్దరమును వానిని ఎగతాళి చేసినాము. పాత కారులోని ఒక రబ్బరు గొట్టము మెత్తబడి, పెట్రోలు వాసన లోపలికి రాసాగిన నాడు ఆ ఎగతాళి మానినాము. ఉస్తాద్ దానిని తీసి, కొత్త పెట్రోలుకు తట్టుకొను గొట్టము వేసినాడు. అరగంట పని.

పెనుకొండ వాని టర్బో కారు మాట వేరు. చిన్న ఇంజనే గాని టర్బో ఊపిరి ఊదగానే కొండ ఎక్కు మేకవలె లంఘించును. రెండు క్లచ్చుల స్వయంచాలక గేరుపెట్టె. రహదారిమీద దానికి ఎదురులేదని మేము ముగ్గురమును ఒప్పుకొందుము. బెంగళూరు హెబ్బాళము దగ్గర ఒక సాయంకాలము గంటసేపు అంగుళమంగుళము జరుగవలసివచ్చినప్పుడు మాత్రము క్లచ్చులు వేడెక్కినవని, బండి నిలిపి చల్లబరచుకొనుమని ఎఱ్ఱని అక్షరములు వెలిగినవి. వెనుక నుండి కన్నడములో వినబడిన మాటలు ఇచ్చట వ్రాయదగినవి కావు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి ఆరు నియమములు వచ్చి, పెట్రోలులో గంధకము పది లక్షలకు 50 పాళ్లనుండి 10 పాళ్లకు తగ్గి, పొగ శుభ్రపడినది, ఇది మెచ్చుకొనవలసినది. కాని ఇంజను చుట్టును ఇన్ని సెన్సారులు చేరినవి గనుక, ఉస్తాద్ చెవికి పని తగ్గినది. ఆయన అరువది యేండ్లు దాటిన తరువాత ఒక స్కానరు యంత్రము కొని, మనుమని చేత దానిలోని ఇంగ్లీషు చదివించుకొనుట నేర్చినాడు.

ఇక విద్యుత్ కారు. ఇది కొత్త వింత అనుకొనువారు చాలమంది. 1899లోనే ఫ్రాన్సు దేశములో కామీ జెనాత్జీ అనునతడు గంటకు 100 కిలోమీటర్ల వేగము దాటినది విద్యుత్ బండిమీదనే. 1912లో చేతితో త్రిప్పు పని లేకుండ ఇంజనును రాజేయు సెల్ఫ్ స్టార్టరు అమెరికాలో కార్లకు వచ్చిన తరువాత విద్యుత్ కార్లు వెనుకబడినవి; అనగా పెట్రోలు బండిని గెలిపించినది ఒక చిన్న విద్యుత్ మోటారు, ఒక చిన్న బ్యాటరీ. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను, క్రింద మరల వచ్చును. మన ప్రక్కనున్న బెంగళూరులోనే 2001లో రేవా అను బుల్లి విద్యుత్ కారు అమ్మకమునకు వచ్చినది. మాలో ధర్మవరము వాడు దానిని ఒకసారి మహాత్మా గాంధీ రోడ్డులో చూచి, ఆనాటినుండి మనస్సులో పెట్టుకొన్నాడు.

వాని కారు బ్యాటరీలో 40 యూనిట్ల విద్యుత్తు పట్టును. ఇంటి దగ్గర గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించిన పూర్తిగా నిండుటకు పన్నెండు గంటలకు పైగా పట్టును. సంస్థవారి కాగితముమీద ఒక నింపుడుకు నాలుగువందల పైచిలుకు కిలోమీటర్లు. రహదారిమీద మేము తోలినప్పుడు 260 మించి ఎన్నడును రాలేదు. కాగితముమీది అంకెను మూడు భాగములు చేసి రెండు భాగములే నమ్మవలెనని మా అనుభవము. పెట్రోలు కాగితములకును ఇంచుమించు ఇదియే సూత్రము. అయినను ఇంటి విద్యుత్తుతో కిలోమీటరుకు రూపాయిన్నరకు లోపలనే తేలును. పెట్రోలు బండికి దగ్గరదగ్గర ఏడు రూపాయలు. దారిలోని వేగపు చార్జింగు కేంద్రములలో యూనిట్టు ధర ఇంటిదానికి రెండింతలు దాటును గనుక ఆ లాభము అక్కడ కొంత కరగిపోవును. శబ్దము లేదు, గేర్లు లేవు, అదురు లేదు. యాక్సిలరేటరుమీది కాలు తీసినంతనే మోటారు ఎదురు తిరిగి జనరేటరై, బండి వేగమును మరల బ్యాటరీలోనికి విద్యుత్తుగా పంపును. మగ్గము మీద అటు పోయిన నాడె ఇటు తిరిగివచ్చినట్లు అని ధర్మవరము వాడు చెప్పును. వాని ఉపమానములన్నియు మగ్గము దాటిపోవు.

ఉస్తాద్‌కు ఆ కారును మొదటిసారి చూపించిన దినము మాకు బాగుగ జ్ఞాపకము. బానెట్టు ఎత్తించి, చేతులు వెనుకకు కట్టుకొని, చాలసేపు చూచినాడు. నారింజ రంగు తొడుగు వేసిన లావుపాటి తీగలు తప్ప ఆయనకు పరిచయమైనవి ఏవియు లేవు. ఆ తీగలును పరిచయమైనవి కావు. "ఆయిలు లేదు, ప్లగ్గు లేదు, క్లచ్ ప్లేటు లేదు, సైలెన్సరు లేదు. నాకేం మిగిల్చినార్రా?" అన్నాడు. టైర్లు, బ్రేకులు, సస్పెన్షను, ఏసీ ఉన్నవి గదా ఉస్తాద్ అన్నాము. మోటారే బండిని నెమ్మదింపజేయును గనుక బ్రేకు ప్యాడ్లు కూడ మామూలుకంటె రెండింతలు మన్నునని మాకు తెలిసినను ఆ మాట అప్పుడు చెప్పలేదు. ఆయన షెడ్డులో ఒకప్పుడు నలుగురు పిల్లలు పనిచేయుచుండిరి. ఇప్పుడొక్కడే.

ఈ పరిచయమంతయు మేము చెప్పదలచిన ఒక ప్రయాణమునకు. 2025 వానకాలములో ధర్మవరము వాని తల్లికి వెన్నుపూస శస్త్రచికిత్స చేయవలసివచ్చినది. బెంగళూరు ఆసుపత్రిలో ఒక సోమవారము ఉదయము పదిగంటలలోపల చేర్చవలెను. తప్పినచో మరల వంతు వచ్చుటకు మూడు వారములు. అంతకుముందు ఒకసారి ఆమెను బాడుగ డీజిలు బండిలో తీసికొనిపోయినప్పుడు, గేరు మారిన ప్రతిసారి ఆమె పెదవి కొరికికొన్నది వాడు అద్దములో చూచినాడు. అందువలన ఈసారి తన కారులోనే అన్నాడు. మేము కాదనలేదు. ధర్మవరమునుండి బెంగళూరు రెండువందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ. నిండు బ్యాటరీతో బయలుదేరిన దారిలో ఆగనక్కరలేదు.

ఆ రాత్రి గాలివాన వచ్చి ధర్మవరములో విద్యుత్తు పోయినది. తెల్లవారుజామున మూడుగంటలకు వచ్చి, పావుగంట ఉండి, మరల పోయినది. నాలుగున్నరకు బండి బయలుదేరినప్పుడు బ్యాటరీ నూటికి 62. అనగా సుమారు 25 యూనిట్లు. ఇందులో ఇంకొక చిక్కున్నది. ధర్మవరముకంటె బెంగళూరు అయిదువందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. రైలులో పోవువారికి తెలియదు గాని, నలుగురితో కూడిన బండిని అంత ఎత్తు ఎక్కించుటకు ఊరకనే మూడు యూనిట్లు కావలెను. పెనుకొండలో వెనుక సీటు ఎక్కినవాడు లెక్కలవాడు గనుక కాగితముమీద వేసి చూచి, దారిలో అరగంట చార్జింగు తప్పదని తేల్చినాడు. గంటకు ఎనుబది దాటకుండ, ఏసీ తగ్గించి, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, పాలసముద్రము దాటి కొడికొండ చెక్‌పోస్టు చేరినప్పటికి ఆరుంబావు అయినది. హిందూపురము వాడు లేపాక్షి మీదుగా తన పెట్రోలు కారులో వచ్చి అక్కడ కాచుకొనియున్నాడు. వాని ప్రక్కన ఉస్తాద్. జె.సి. రోడ్డులో విడిభాగములు కొనవలసిన పని ఉన్నదని ఆయన చెప్పినాడు. ఆ పని అంత అవసరమైనది కాదని మాకు తరువాత తెలిసినది.

చెక్‌పోస్టు దాటిన తరువాత మొదటి చార్జింగు కేంద్రములో యంత్రపు తెర వెలుగుచున్నది, తుపాకి వంటి పిడి బండికి బిగిసినది, విద్యుత్తు మాత్రము రాలేదు. ఫోనులో యాప్ తెరిచి సంఖ్య కొట్టుమన్నది. సంఖ్య వచ్చుటకు సిగ్నలు లేదు. సిగ్నలు దొరికి సంఖ్య కొట్టిన, మరల మొదటినుండి చేయుమన్నది. ఇరువదిఅయిదు నిమిషములు పోయినవి. అక్కడ మనిషి ఎవరును లేడు. పెట్రోలు బంకులో పంపు చెడినచో తిట్టుటకైన ఒక మనిషి ఉండును. ఉస్తాద్ ఆ యంత్రము చుట్టు ఒక ప్రదక్షిణము చేసి, "పెట్రోలైతే క్యానులో తెచ్చిస్తును. కరెంటు ఏ క్యానులో తెచ్చేది?" అన్నాడు. ఎవరమును నవ్వలేదు.

అప్పుడు మా మధ్య వాదము వచ్చినది. పది సంవత్సరముల ఆదివారపు వాదములన్నియు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అమ్మను పెట్రోలు కారులోనికి మార్చి వెంటనే పోవుదమని హిందూపురము వాడు. రెండవ కేంద్రము పాతిక కిలోమీటర్లలో బాగేపల్లి అవతల ఉన్నది, బ్యాటరీ నూటికి 25 ఉన్నది, చేరగలమని పెనుకొండ వాడు. ధర్మవరము వాడు మాటాడలేదు. స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు. ఆ మౌనములో వాడు తన్ను తాను ఎంత నిందించుకొనుచున్నాడో మాకు తెలియును. బండి గొప్ప చూపుకొనుటకు తల్లిని పణముగా పెట్టితినా అని వాడు అడుగుకొనుచున్నాడు. ఇట్టి ప్రశ్నకు మిత్రులు జవాబు చెప్పలేరు. వెనుక సీటునుండి ఆమెయే చెప్పినది: "నన్ను మళ్లా ఎత్తద్దండి నాయనా. దీంట్లో నొప్పి తెలీలేదు. కరెంటు వచ్చేదాకా ఈడే పండుకుంటా."

రెండవ కేంద్రములో యంత్రము పనిచేయుచున్నది. మాకు ముందర ఇంకొక కారు తగిలించియున్నది. అందులోని కుటుంబమువారు సంగతి విని, తమకు చాలినంత నిండకుండగనే పిడి తీసి ఇచ్చినారు. వారెవరో అడుగుటకు మాకు బుద్ధి పుట్టలేదు. ముప్పదిఅయిదు నిమిషములు తగిలించి, ఎనిమిది దాటిన తరువాత కదలినాము. చిక్కబళ్ళాపురము, దేవనహళ్ళి వరకు దారి బాగున్నది. హెబ్బాళములో మామూలే. ఆసుపత్రి మెట్ల దగ్గర పదింబావు దాటి మరి అయిదు నిమిషములు. ఆలస్యమునకు అక్కడ ఒక చీటిమీద సంతకము పెట్టించుకొన్నారు, అంతే. మధ్యాహ్నము శస్త్రచికిత్స జరిగినది. బాగుగనే జరిగినది.

తిరుగు ప్రయాణములో దిగుడు దారి గనుక బ్యాటరీ మేము లెక్కించినదానికంటె చాల మిగిలినది. ఆ సంగతి ధర్మవరము వాడు ఎవరికిని చెప్పలేదు. చెప్పియుంటే మునుపటి మనిషి అనుకొందుము.

మూడు వారములకు ఆమెను మరల పరీక్షకు తీసికొనిపోవలెను. ముందటి రాత్రి ధర్మవరము వాడు తల్లితో హిందూపురము వచ్చి, మావాని ఇంట దిగినాడు; దూరము సగమగునని. ఉదయము లేచి చూడగా బండి చచ్చిపడియున్నది. తాళపు మీట నొక్కిన తలుపు తెరువదు, దీపము వెలుగదు. పెద్ద బ్యాటరీలో నూటికి 90 ఉన్నదని రాత్రి కన్నులార చూచినది. సంస్థవారి సహాయ సంఖ్యకు ఫోను చేయగా, మరునాటి మధ్యాహ్నమునకు బండిని ఎత్తుకొనిపోవు లారీ వచ్చునన్నారు.

ఉస్తాద్‌ను పిలిచినాము. మొదట రానన్నాడు. "ఆ నారింజ తీగలు ముట్టుకుంటే మనిషి మిగలడంట" అన్నాడు. అది అబద్ధము కాదు. అందులో పారునది మూడువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు. ఇంటిలో ముసలితల్లి ఉన్నదని, ముట్టవద్దు చూచి పొమ్మని బ్రతిమాలగా మనుమని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ పిల్లవాడు ఈ కళాశాలలోనే ఇంటర్మీడియట్ చదువుచున్నాడు. మీటలో దాగియున్న చిన్న ఇనుప తాళముతో తలుపు తీసి, బానెట్టు ఎత్తినాము. ఉస్తాద్ మునుపటివలెనే చేతులు వెనుకకు కట్టుకొని చూచుచుండగా, మనుమడు మూలనున్న ఒక నల్లని పెట్టెను వ్రేలితో చూపి, "దాదా, ఇది మామూలు బ్యాటరీ కదా?" అన్నాడు.

అవును. పన్నెండు వోల్టుల, మామూలు, అన్ని కార్లలో ఉండు బ్యాటరీ. చదువరులు శాస్త్ర విద్యార్థులైనచో ఇది వినదగినది. పెద్ద బ్యాటరీని మోటారుకు కలుపు పెద్ద స్విచ్చులు, కాంటాక్టర్లనునవి, బండి ఆపినప్పుడు క్షేమము కొరకు విడిపోయి ఉండును. వాటిని మరల కలుపుటకు ఈ చిన్న బ్యాటరీ శక్తి కావలెను. ఇది చచ్చినచో నలుబది యూనిట్ల నిధి లోపల ఉండియు తలుపు తీయు తాళపుచెవి లేని ఖజానా అగును. ఉస్తాద్ మీటరు పెట్టి చూడగా ఎనిమిది వోల్టులు. ఆయన ముఖములో వచ్చిన మార్పు మేము ముగ్గురమును చూచినాము. పాత టైర్లమీద కూర్చున్ననాడు మేము చూచిన ముఖము అది.

హిందూపురము వాని పెట్రోలు కారును ప్రక్కకు తెప్పించి, తన పాత జంపరు తీగలు తీసి, ఎఱ్ఱది ఎఱ్ఱదానికి, నల్లది ఇనుప చట్రమునకు తగిలించినాడు. రెండు నిమిషములు కాచుకొన్నాము. లోపల ఎక్కడో 'టక్' మని ఒక శబ్దము, కాంటాక్టర్లు కలసినవి. తెర వెలిగినది. పదేండ్ల పెట్రోలు బండి విద్యుత్ బండిని లేపినది. మా ఆదివారపు వాదము ఇట్లు తెగునని మేము అనుకొనలేదు, ఇంతకును ఎవరు గెలిచినట్లో ఇప్పటికిని తేల్చుకొనలేదు. అంగడిలో కొత్త బ్యాటరీ కొని వేయించుకొని ఎనిమిదిగంటలకు బయలుదేరినారు. ఉస్తాద్ కూలి అడిగినంత ఇచ్చినాము. ఎప్పుడును అడుగు దానికంటె ఏబది రూపాయలు ఎక్కువ అడిగినాడు. కరెంటు బండి గదా అన్నాడు.

ఇచ్చట కళాశాల కమిటీవారికి ఒక మనవి చేసికొనుటకు అనుమతి వేడుచున్నాము. మన పిల్లలలో ఎందరో షెడ్డులలో ఉస్తాదుల చేతిక్రింద పెరిగినవారి సంతానము. కర్మాగారములో కారు చేయుట ఒక విద్య. దారిలో నిలిచిన కారును లేపుట వేరొక విద్య. ఈ రెండవదానికి మన ఊళ్లలో ఇంతవరకు బడి అనగా షెడ్డే. కొత్త బండ్లు వచ్చినకొలది ఆ బడి మూతబడుచున్నది, దాని స్థానములో వేరొకటి లేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వారమునకు రెండు సాయంకాలములు, ఒక పాత బ్యాటరీ, ఒక మీటరు, వేయి వోల్టులకు తట్టుకొను చేతి తొడుగులు రెండు జతలు, తెలిసిన ఒక అధ్యాపకుడు: ఇంతే కావలెను. వార్షికోత్సవపు షామియానా ఖర్చుకంటె ఇది తక్కువయేగాని ఎక్కువ కాదు. తొడుగులు మేము కొనియిత్తుము. ఉస్తాద్ మనుమడు మమ్ములను అడిగినది సూటియైన ప్రశ్న: తాత షెడ్డులో ఉండవలెనా, మాని వేరే చదువు చదువవలెనా? మా ముగ్గురి జవాబులు మూడు విధములుగా ఉన్నవి. వాడు మర్యాదగా మూడును విన్నాడు.

పోయిన నెల ఉస్తాద్ మమ్ములను పిలిపించి, షెడ్డులో ఒక బోర్డు పెట్టవలెను, మీరు చదువుకొన్నవారు, రెండు భాషలలోను వ్రాసియిమ్మన్నాడు. ఏమి వ్రాయవలెనో ఆయనయే చెప్పినాడు. నారింజ రంగు తీగ ముట్టరాదు. ముందు చిన్న బ్యాటరీ చూడవలెను. ఉర్దూ పంక్తి వ్రాయుచుండగా, మన నారింజయు ఉర్దూ నారంగియు ఒక్క మాటయేనని హిందూపురము వాడు కనిపెట్టి, దానిమీద అరగంట ఉపన్యాసము చేసినాడు. పెయింటరు అక్షరమునకింత అని లెక్క చెప్పగా, ఉస్తాద్ బేరమాడి రెండవ పంక్తికి సగము ధర ఇచ్చినాడు. బోర్డును గోడకు పైన కొట్టబోగా వద్దని, పనిపిల్లవాని కంటికి ఆనునంత క్రిందికి దింపించినాడు. ప్రక్కన మేకుకు పాత అంబాసిడరు కార్బురేటరు ఒకటి వ్రేలాడుచున్నది. దానిని తీసివేయుదునా అని పిల్లవాడు అడుగగా, ఉండనీ అన్నాడు.